సంబంధించినవారు బయట కూర్చోవలెను

జనవరి 9

పిచ్చుకకు, వదిన రాసేది:

ఉత్తరం చూడగానే ఏం కొంప మునిగిందో అని కంగారు పడకు. ఏమీ మునగలేదు. ఫోను చేద్దామంటే మీ అన్న చెక్కల కోత మిషను మోతలో నేనన్నది నీకు చేరదు, నువ్వన్నది నాకు చేరదు. ఆయన మిషను ఆపే వేళకి నేను బస్సులో టికెట్లు కొడుతుంటాను. అందుకే మన పాత పద్ధతిలో రాస్తున్నాను.

విశేషం ఏమిటంటే, నీ వదిన ఇప్పుడు అధ్యక్షురాలు. నవ్వితే నవ్వావుగానీ పూర్తిగా చదివి నవ్వు. వీధి సంగతులు వీధివాళ్ళే తేల్చుకోవచ్చని మీ పైఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది కదా. చెత్తకుండీ ఎక్కడుండాలి, దీపం ఎక్కడ వెలగాలి, బండ్లు ఎక్కడ ఆగాలి, ఏ పని ఏ వేళల్లో చేసుకోవాలి, అన్నీ ఇక మా ఇష్టమేనట. ఆదివారం బడిలో అందర్నీ కూర్చోబెట్టి మున్సిపాలిటీ ఆయన చదివి వినిపించాడు. అవి చిన్నపిల్లల బెంచీలు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. సంఘానికి అధ్యక్షులుగా ఎవరుంటారని అడిగితే అందరూ పైకప్పు వంక చూశారు. కాసేపటికి అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నా నోరు ఊరుకుంటుందా? "ఒక్కొక్కరే! తోసుకోవద్దు! వెనకవాళ్ళు ముందుకి జరగండి!" అని ఒక్క కేక పెట్టాను. గది మొత్తం గప్‌చుప్. "ఇంక వెతకడం దేనికి, ఈవిడే" అన్నాడు మన సెలూనాయన. అలా అయిపోయాను.

అయిన వెంటనే ఒక నియమం పెట్టాను. ఎవరి సంగతి మాట్లాడుకుంటున్నామో వాళ్ళు లేచి వెళ్ళి వరండాలో కూర్చోవాలి. తేలేదాకా లోపలికి రాకూడదు, బయట కూడా దాని గురించి నోరెత్తకూడదు. ఎందుకంటావా? బస్సులో ఇద్దరు కొట్టుకుంటుంటే ఎవరిది తప్పు అని నేను విచారణ పెట్టను. ఇద్దర్నీ దించేసి రైట్ రైట్ అంటాను. మిగతావాళ్ళు హాయిగా ఇళ్ళకి చేరతారు. మనిషి ఎదురుగా ఉంటే మొహమాటానికి ఎవరూ ఉన్నమాట చెప్పరు కదా. నా మాట అందరికీ నచ్చింది. "సంబంధించినవారు బయట కూర్చోవలెను" అని సెలూనాయన అట్ట మీద గుండ్రటి అక్షరాలతో రాసి గోడకి తగిలించాడు.

మొదటి నిర్ణయం చెత్తకుండీ మీద. ఏళ్ళ తరబడి సెలూను గుమ్మం ముందే కంపు కొడుతోంది. ఎన్ని అర్జీలు పెట్టాం! పైనుంచి ఒక్కరైనా వచ్చి వాసన చూశారా? ఈసారి సెలూనాయన్ని వరండాలోకి పంపించి, వీధి చివర పాతగోడ పక్కకి మార్చాలని తేల్చాం. ఆయన్ని లోపలికి పిలిచేలోపే కొందరు వెళ్ళి జరిపేశారు. ఆ గోడ పక్కన మేడ ఉన్నాయన మూతి ముడిచాడుగానీ, కుండీకి మూత చేయిస్తామంటే సరేనన్నాడు. సెలూనాయన తన గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు సంతోషంతో నిద్ర పట్టలేదంటే నమ్ము.

మీ అన్న బాగానే ఉన్నాడు. బడికి బల్లలు చేసే పని దొరికింది. వినికిడి ఇంకాస్త తగ్గింది. నా తిట్లు తప్పించుకోవడానికి తను చేసుకున్న ఏర్పాటట అది.

వేళకి తిను.

కుర్చీ ఎక్కిన
నీ వదిన

జనవరి 20

అధ్యక్షురాలు వదినగారి సముఖానికి,

ఉత్తరం ఆఫీసులో విప్పాను. "వెనకవాళ్ళు ముందుకి జరగండి" దగ్గర నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాల్సి వచ్చింది. పక్కసీటావిడ మంచినీళ్ళు కూడా ఇచ్చింది.

వదినా, నీకో సంగతి చెప్పనా? మీరు బడిలో విన్న ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. "వీధి సంఘం చేసిన నిర్ణయంలో పైఅధికారులు జోక్యం చేసుకోరాదు" అన్న వాక్యం నా వేళ్ళ మీదుగానే వెళ్ళింది. మా సెక్షనులో అందరూ నవ్వారు. ఇలాంటివి ఎన్ని చూడలేదు, బీరువాలో పడి నిద్రపోతుంది అన్నారు. నేనూ అలాగే అనుకుంటూ టైపు చేశాను. అది వెళ్ళి వెళ్ళి మన సెలూనాయన గుమ్మం ముందు కుండీని కదిలించిందంటే ఒళ్ళు పులకరించింది. పొద్దున్నించీ సాయంత్రం దాకా నేను కొట్టే అక్షరాలు ఎక్కడికి పోతాయో ఎప్పుడూ తెలియదు నాకు. ఇదొక్కటి తెలిసింది.

అన్నకి బడిబల్లల పని దొరికిందన్నావు, మొదలుపెట్టాడా? చెవుల్లో దూది పెట్టుకోమని నా మాటగా చెప్పు. నాన్న పోయాక నేను పెరిగింది ఆ షెడ్డులోనే కదా. చెక్క పలకల గుట్ట మీద కూర్చుని లెక్కలు చేసుకుంటుంటే అన్న మిషను ఆపి, "అయిందా? ఇప్పుడు కొయ్యనా?" అని అడిగేవాడు. నువ్వు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నా జడలోంచి రంపపు పొట్టు దువ్వి తీస్తూ, "ఇది పిల్లా, తలుపు చెక్కా?" అనేదానివి. ఇక్కడ నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఎప్పుడైనా మనసు బాగోకపోతే ఆ షెడ్డు అక్కడే ఉందిలే, అన్న అందులో చిత్రిక పడుతుంటాడులే అనుకుంటాను. దాంతో సర్దుకుంటుంది.

మీ సంఘం వెంటనే షెడ్డు ముందు గోతులు పూడ్పించాలని ఈ ఆడపడుచు ఆజ్ఞ.

నీ
పిచ్చుక

ఫిబ్రవరి 11

పిచ్చుకా,

గోతులు పూడాయి. ఆజ్ఞ అమలైనట్టే. ఇక మిగతాది కూర్చుని చదువు.

ఎదురు మేడ మీద వాటాలోకి కిందటేడు ఒక నర్సమ్మ వచ్చింది, నీకు రాశానో లేదో. ఒంటరి మనిషి, ఎవరి జోలికీ పోదు. ఒకరోజు నేను డ్యూటీకి బయల్దేరుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది. కళ్ళు గుంటలు పడిపోయి ఉన్నాయి. "అక్కా, ఏమీ అనుకోకండి. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటే మిషను మోతకి కన్ను మూత పడటం లేదు. మొన్న ఒక మంచం వాళ్ళ మందు ఇంకో మంచం వాళ్ళకి ఇవ్వబోయాను. పక్కమ్మాయి చూసి చెయ్యి పట్టుకుంది. నాకు భయమేస్తోంది" అంది.

నేనేం చెయ్యను చెప్పు. సెలూనాయన కష్టం సంఘంలో పెట్టి, ఈమె కష్టం మా ఆయన మిషను వల్ల కాబట్టి చాప కింద పెడతానా? అర్జీ తీసుకున్నాను. ఆదివారం అది చర్చకి వచ్చింది. అట్ట మీద రాసినదాని ప్రకారం మీ అన్న లేచాడు, నర్సమ్మ లేచింది. ఇది నా ఇంటి సంగతి కూడా కాబట్టి నా కుర్చీ సెలూనాయనకిచ్చి నేనూ లేచాను. ముగ్గురం వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నర్సమ్మ ఆ చివర, మీ అన్న ఈ చివర, మధ్యలో నేను. ముగ్గురం గేటు వంక చూస్తూ కూర్చున్నాం. నోరెత్తకూడదన్న నియమం కూడా నాదే కదా.

తేల్చింది ఏమిటంటే, సాయంత్రం ఐదింటికి ముందు కోత మిషను ఆడించకూడదు. ఏ రోజూ కూడా.

నువ్వు అడిగేలోపే చెబుతున్నాను, నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా ఇంటికోసం మాట్లాడితే ఆ కుర్చీకి విలువేముంది? మీ అన్న విని "సరే" అన్నాడు. ఇంటికొచ్చాక మిషను మీద గుడ్డ కప్పాడు.

డ్యూటీకి వేళైంది.

వదిన

ఫిబ్రవరి 19

వదినా,

నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. ఆగినా కోపం తగ్గలేదు.

ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఎంత గర్వంగా రాశావు! బస్సులో ముక్కూమొహం తెలియని వాళ్ళ కోసం గొంతు చించుకుంటావు. కట్టుకున్నవాడి పొట్ట కొడుతుంటే బెంచీ మీద బొమ్మలా కూర్చున్నావా? సాయంత్రం ఐదు దాటాక అన్న కోత కోస్తాడా? దీపం వెలుగులో పళ్ళచక్రం దగ్గర చెయ్యి పెట్టనని, కళ్ళు ఆనడం లేదని కిందటిసారి నేను వచ్చినప్పుడు నాతోనే అన్నాడు. నీకు తెలియదా? ఐదింటి దాకా ఆపమంటే ఇక మానెయ్యమనే కదా. బడిబల్లలు ఎవరు చేస్తారు? ఆ షెడ్డు నీకు మోత కావచ్చు. నాకు నాన్న, అన్న, అన్నీ అదే.

నీకు కుర్చీ ఎక్కువైందా, అన్న ఎక్కువా? ఆ కుర్చీ మీద కూర్చోబెట్టిన ఉత్తర్వు టైపు చేసిన చేతులు విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది.

నువ్వు మాట్లాడకపోతే పోనీ. మాట్లాడే చోటు నాకు తెలుసు.

పిచ్చుక

ఫిబ్రవరి 20

పిచ్చుకా,

నీ జవాబు ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను. ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఇది.

బడిబల్లల పని పోయింది. గడువుకి ఇవ్వలేనని మీ అన్నే వెళ్ళి చెప్పి వచ్చాడు. అది ఏదో ఫ్యాక్టరీకి ఇచ్చేశారట. ఇప్పుడు చేతిరంపంతో చిన్నచిన్నవి చేస్తున్నాడు. ఒకళ్ళకి స్టూలు, ఇంకొకళ్ళకి కిటికీ రెక్క. మధ్యాహ్నానికే భుజం పట్టేస్తోంది. నూనె రాస్తానంటే వద్దంటాడు. అన్నం ముందు కూర్చుని కెలుకుతాడు. నేను ఏదో ఒకటి అంటూనే ఉంటాను, ఆయనకి వినపడదు, లేదా వినపడనట్టు ఉంటాడు.

నిన్న ఉండబట్టలేక చెవి దగ్గర అరిచి అడిగాను, "నా మీద కోపమా?" అని. లేదన్నాడు. భుజం నిమురుకుంటూ, "నన్ను బయటకి పంపించి మాట్లాడుకున్నారు. ఇన్నేళ్ళు ఈ వీధిలో అందరికీ తలుపులు చేశాను. మిషను ఇబ్బందిగా ఉంది మేస్త్రీ అని ఒక్కరూ నాతో అనలేదు. నాతో చెప్పడానికి కూడా భయపడేంత చెడ్డవాణ్ణా నేను?" అన్నాడు.

ఆ రోజు వరండాలో ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, హెడ్మాస్టరు గది బయట నిలబెట్టిన పిల్లాడిలా కూర్చున్నాడు. అలా కూర్చోబెట్టింది నేనే. నువ్వు ఒకసారి వచ్చి వెళ్ళరాదూ?

వదిన

మార్చి 4

వదినా,

నీ రెండో ఉత్తరం, నా మొదటి కోపం దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. నా ఉత్తరం నీకు ఈపాటికి చేరే ఉంటుంది. చదివి ఏడ్చావేమో. క్షమించు. నువ్వు అన్నని అమ్మేసుకున్నావని అనుకున్నాను. కాదని ఇప్పుడు తెలిసింది.

అయితే నేను ఊరికే కూర్చోలేదు. "చెడ్డవాణ్ణా నేను" అని అన్న అన్నాడని చదివాక ఇంకేం ఆలోచించలేదు. లేచి నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆయన్ని నేను సెలవు తప్ప ఏమీ అడగలేదు. అంతా చెప్పాను. ఆయన పాపం మంచి మనిషి, "మీ అన్నగారి బతుకుతెరువు సంగతి కదమ్మా" అని వెంటనే స్టే ఆర్డరు ఇచ్చారు. మీ వీధి సంఘం నిర్ణయం పైనుంచి ఆపేసినట్టే. టైపు కూడా నేనే చేశాను, ఈసారి నవ్వుతూ చేశాను.

అన్నని మిషను మీద గుడ్డ తీసెయ్యమను. ఇక ఎవరూ ఆయన్ని ఏమీ అనలేరు. నీ కుర్చీకి కూడా మచ్చ లేదు. నువ్వు మాట్లాడలేదు, నేను మాట్లాడాను. సరిపోయిందిగా!

వచ్చే నెలలో సెలవు పెట్టి వస్తాను.

నీ
పిచ్చుక

మార్చి 13

పిచ్చుకా,

నీ కోపం ఉత్తరం చదివి ఏడవలేదు. నీకా హక్కుంది. అన్న కోసం నాతో నువ్వు కాక ఇంకెవరు పోట్లాడతారు అనుకున్నాను. ఏడిపించింది నీ సంతోషం ఉత్తరం.

ఆదివారం మున్సిపాలిటీ ఆయన వచ్చి స్టే ఆర్డరు చదివాడు. అందరూ నా వంకే చూశారు. పైఆఫీసులో నా ఆడపడుచు పనిచేస్తుందని ఈ వీధిలో తెలియనిది ఎవరికి? నేనే కదా ఊరంతా చాటింది! మేడాయన లేచి, "పైనుంచి కాగితం తెచ్చుకోవచ్చని తెలిస్తే మేమూ తెచ్చుకునేవాళ్ళం. మాకూ ఉన్నారు తెలిసినవాళ్ళు. మా గోడ పక్కన కుండీ ఎన్నాళ్ళుంటుందో చూస్తాను" అనేసి వెళ్ళిపోయాడు. సెలూనాయన నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. కుండీ మళ్ళీ తన గుమ్మంలోకి వస్తుందన్న భయం ఆయన మొహంలో కనిపించింది నాకు.

నర్సమ్మ నా దగ్గరికి వచ్చి, "పరవాలేదక్కా, నేను వేరే ఇల్లు చూసుకుంటాను" అంది. తప్పు చేసినదానిలా తల దించుకుని అంది. నాకు చచ్చిపోవాలనిపించింది.

మీ అన్న సంగతి విను. కాగితం చూపించాను. రెండుసార్లు చదివాడు. "ఇది మన పిచ్చుక చేసిందా?" అన్నాడు. అవునన్నాను. "నా కోసమే చేసింది, పిచ్చిది" అన్నాడు. కానీ మిషను మీద గుడ్డ తియ్యలేదు. "ఇప్పుడు ఆడిస్తే ప్రతి కోతకీ ఎదురింటావిడ ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు ఉంటుంది నాకు" అన్నాడు. మిషను ఇప్పటికీ ఊరుకునే ఉంది.

నువ్వు మొహమాటం లేకుండా అడిగావు, కుర్చీ ఎక్కువా అన్న ఎక్కువా అని. నాకు రెండూ కావాలి పిచ్చుకా, దాపరికం దేనికి! మా గడప ఎన్నడూ తొక్కని పైఆఫీసు నుంచి మాకు మా వీధి చేతికొచ్చింది. దాన్ని నేను సరిగ్గా పట్టుకోలేదు. బస్సులో ఇద్దర్ని దించేస్తే బండి ముందుకి పోతుంది, వాళ్ళు మళ్ళీ కనపడరు. వీధిలో దించేసినవాళ్ళు ఎక్కడికి పోతారు? తెల్లారి లేస్తే ఎదురుగానే ఉంటారు. ఈ ముక్క నా బుర్రకి ఇప్పుడు ఎక్కింది. కానీ నేను పాడుచేసింది మేము బాగుచేసుకోగలం. పైనుంచి వచ్చిన కాగితాన్ని మేము ఏమీ చెయ్యలేం.

ఆ స్టే వెనక్కి తీయించు. షెడ్డు పోతే పోతుందేమో, నాకూ భయంగానే ఉంది. అయినా తీయించు.

వదిన

మార్చి 21

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. జ్వరం అని చెప్పాను. నిజానికి సిగ్గు.

జోక్యం చేసుకోరాదు అని టైపు చేసిన దాన్నే, అవసరం మనింటిది అయ్యేసరికి నేరుగా వెళ్ళి జోక్యం చేయించాను. అప్పుడు అది తప్పని ఒక్క క్షణం కూడా తోచలేదు వదినా. నాకు అన్న మొహం తప్ప ఇంకేం కనపడలేదు. ఆ నర్సమ్మ ఉందని కూడా గుర్తులేదు. ఆమె ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. తెలియని మనిషిని ఇంట్లోంచి వెళ్ళగొట్టబోయాను.

పెద్దసారుని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకోవడం ఈ ఆఫీసులో అలవాటు లేదమ్మా" అన్నారు. చాలాసేపు బతిమాలాను. చివరికి ఒక దారి చెప్పారు. ఎవరి మేలు కోసం స్టే ఇచ్చారో ఆ మనిషే తనకి అది అక్కర్లేదని రాసి సంతకం పెట్టాలట. అంటే అన్న. "అలా ఎవరూ పెట్టరులే" అని కూడా అన్నారు.

ఈ మాట అన్నతో నేను చెప్పలేను. నాన్న షెడ్డుకి ఉన్న ఒక్క అడ్డూ నువ్వే తీసెయ్యి అని ఏ నోటితో అడగను? సంతకం పెడితే మీ వీధి ఆ ఐదింటి నిర్ణయాన్నే మళ్ళీ ఖాయం చేస్తే ఏం మిగులుతుంది? నువ్వు కూడా ఆయన్ని బలవంతం చెయ్యకు. కావాలంటే నేనే వచ్చి వీధివాళ్ళందరి ముందు తప్పు ఒప్పుకుంటాను.

నా మీద కోపం పోయేదాకా రెండు తిట్లు ఎక్కువే రాయి.

పిచ్చుక

ఏప్రిల్ 7

నా పిచ్చుకకు,

తిట్లు దాచిపెట్టాను, వచ్చాక ముఖాముఖీ ఇస్తాను. ఈ ఉత్తరంతో పాటు మీ అన్న సంతకం పెట్టిన అర్జీ ఉంది, చూసుకో. నేను బలవంతం చెయ్యలేదు. నీ ఉత్తరం ఆయన చేతికిచ్చి బస్సెక్కాను. తిరిగొచ్చేసరికి అర్జీ రాసి బల్ల మీద పెట్టి ఉంచాడు. కానీ సంతకం చెయ్యలేదు. "అందరి ముందే పెడతా" అన్నాడు.

ఆదివారం మీటింగు మొదలవగానే నేను ఆ అట్ట గోడ మీంచి పీకేశాను. "నాదే పొరపాటు. సంబంధించినవాళ్ళు లోపలే కూర్చోవాలి, సంబంధం లేనివాళ్ళు కావాలంటే వరండాలో గాలి పీల్చుకోవచ్చు" అన్నాను. సెలూనాయన, "అంత కష్టపడి రాశానే, అక్షరాలు ఎంత బాగా కుదిరాయో!" అని వాపోయాడు. అందరూ నవ్వారు. చాలా రోజులకి నవ్వారు.

మీ అన్న లేచి, పెన్ను అడిగి తీసుకుని, అర్జీ మీద సంతకం పెట్టాడు. దాన్ని నాకు ఇవ్వలేదు. నేరుగా వెళ్ళి నర్సమ్మ చేతిలో పెట్టాడు. "ఇది నాకొద్దమ్మా. నా మిషను ఆడాలంటే ఈ వీధి ఒప్పుకుని ఆడాలి. ఇప్పుడు చెప్పు, నీకు ఎప్పుడు కష్టం?" అన్నాడు. ఏమీ తేలకముందే ఉన్న ఒక్క ఆసరా వదిలేసుకున్నాడు కదా.

ఆమె ఏదో గొణిగింది. మీ అన్నకి వినపడలేదు. ఇంకాస్త గట్టిగా అంది. వినపడలేదు. చివరికి ఆ నోట్లో నాలుక లేని పిల్ల బెంచీ మీంచి లేచి, గొంతెత్తి అరిచింది. "మేస్త్రిగారూ! నాకు రాత్రి డ్యూటీ మూడు వారాలకి ఒక్క వారమే! ఆ వారం మధ్యాహ్నం దాకా పడుకోనిస్తే చాలు!"

విన్నావా పిచ్చుకా? మూడు వారాలకి ఒక వారం! ఆ రోజు లోపల కూర్చుని తేల్చిన మహానుభావుల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. తెలిసిన మనిషిని వరండాలో కూర్చోబెట్టాను నేను. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, "అందరూ నా కోసమే అంత చేశాక, నేను అడిగింది ఇంత కాదని ఎలా చెప్పనక్కా?" అంది. ఇక మీ అన్న చెప్పాడు. ఆయనకి మిషను కావాల్సింది పొద్దున కోతకేనట, మిగతా రోజంతా చిత్రిక, ఉలి, జిగురు. ఆ ఒక్క వారం కోత మధ్యాహ్నం పెట్టుకుంటే వెలుగుకి ఇబ్బంది లేదట. ఇద్దరూ అరుచుకుంటూ మాట్లాడుకుంటే పక్కవీధివాళ్ళు పోట్లాట అనుకుని తొంగి చూశారు. అందరూ దానికే ఒప్పుకున్నారు, మేడాయన కూడా చెయ్యెత్తాడు. కుండీ సంగతి వచ్చే ఆదివారం తనే లోపల కూర్చుని మాట్లాడతాడట. మాట్లాడనీ, ఆయన ముక్కు ఆయనది. లేచేటప్పుడు నర్సమ్మ అర్జీని నీకు పంపమని నా చేతికిచ్చింది.

బడిబల్లలు మాత్రం తిరిగి రాలేదు. అవి పోయినట్టే. ఇంట్లో కొన్నాళ్ళు చెయ్యి బిగించుకోవాలి, అది నా తలనొప్పి.

నర్సమ్మకి ఈ వారం రాత్రి డ్యూటీ పడింది. కిటికీకి నీలం తెర ఉంటే పడుకున్నట్టు. నిన్న మధ్యాహ్నం దాటింది, తెర తియ్యలేదు. మీ అన్న పలకలు సర్దుకుని, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఆ కిటికీ వంకే చూస్తున్నాడు. సెలూనాయన కత్తెర చేతిలో పట్టుకునే వచ్చాడు. "మేస్త్రీ, మధ్యాహ్నం దాకా అనుకున్నాం, అయిపోయిందిగా. పెట్టెయ్!" అని అరిచాడు. మీ అన్న నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"ఆస్పత్రిలో రాత్రి ఏం కష్టం వచ్చిందో ఏమో. కాసేపు పడుకోనీ" అన్నాడు.

సెలూనాయన వెనక్కి వెళ్ళిపోయాడు. నేను డ్యూటీ బట్టలు వేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. చాలాసేపటికి తెర జరిగింది. నర్సమ్మ జుట్టు విరబోసుకుని కిటికీలోంచి, "కానివ్వండి!" అని కేకేసింది. మీ అన్నకి ఎక్కడ వినపడుతుంది? అది చూసి సెలూనాయన "కానివ్వమంటోంది మేస్త్రీ!" అన్నాడు. మేడ కింద కొట్టువాళ్ళు అందుకున్నారు. ఆ తర్వాత ఎవరెవరో గుమ్మాల్లోంచి, మేడల మీంచి, "కానివ్వు మేస్త్రీ! కానివ్వు!" అని ఒకటే అరుపులు. ఆయన తలెత్తి అందర్నీ చూశాడు. ఒక్కొక్క గుమ్మం వంకా తిరిగి చూశాడు. తర్వాత మిషను మీద గుడ్డ తీసి, మడత పెట్టి పక్కన పెట్టి, స్విచ్చి వేశాడు.

ఇన్నేళ్ళు నేను విసుక్కున్న మోత ఇదే. గుమ్మంలో నిలబడి అది వింటూ వెక్కివెక్కి ఏడ్చాను.

నీ
వదిన